పదం చివర దొరికిన ధాతువు

అలాస్కాలోని కుక్ ఇన్లెట్ పరిసరాల ప్రజల భాష అయిన దెనాయినను నేను దాని క్రియల కోసమే చదవడం మొదలుపెట్టాను. మొదటి వారాలన్నీ నిఘంటువుతోనే గడిచిపోయాయి. మన 'చేశాను'లో ధాతువు ముందుంటుంది కనుక వెతికితే వెంటనే దొరుకుతుంది, చేసినది ఎవరో చివరి 'ను' చెబుతుంది. దెనాయినలో ఈ వరుస తలకిందులు: దిశను, కర్మను, కర్తను తెలిపే ప్రత్యయాలు ముందు బారులు తీరి, ధాతువు పదం చివరకు చేరుతుంది. 'నేను' అనే అర్థమిచ్చే 'ష్' కూడా ఆ బారులోనిదే. మొదటి అక్షరం పట్టుకుని వెతికినంత కాలం నాకు ఒక్క క్రియా దొరకలేదు.

చివరి నుంచి విడదీయడం అలవాటయ్యాక అసలు కష్టం ఎదురైంది. ఆ ధాతువూ స్థిరంగా ఉండదు. పని సాగుతున్నదా, పూర్తయిందా, జరగబోతున్నదా, జరగాలని కోరుతున్నామా అన్నదాన్ని బట్టి దాని అచ్చు గానీ చివరి హల్లు గానీ మారవచ్చు. ఈ మార్పు నాకు తేటగా అర్థమైనది అదే అథబాస్కన్ కుటుంబానికి చెందిన నవాహో భాష వల్ల. అందులో 'దాన్ని తింటున్నాను' అంటే 'యిషఁ', 'తిన్నాను' అంటే 'యియాఁ', 'తింటాను' అంటే 'దేషీఁల్'. (అచ్చును ముక్కుతో పలకాలని చూపడానికి అరసున్న వాడాను, మన పాత లిపిగుర్తు ఇక్కడ ఇంత చక్కగా అమరడం నాకెంతో సంతోషమిచ్చింది.) మొదటి, మూడవ రూపాల్లో ధాతువులోని 'య్' ముందున్న 'ష్'లో లీనమైంది. అది సంధి అని గుర్తించిన రోజున, అపవాదాలుగా రాసిపెట్టుకున్న రూపాలలో చాలావరకు నియమంలోకి వచ్చాయి.

'వచ్చాను, రాలేదు' అని ధాతురూపం మార్చి మాట్లాడే మనకు ఇది మరీ పరాయిదేమీ కాదు. కానీ వెళ్లేది ఒకరా, ఇద్దరా, ముగ్గురికి పైనా అన్నదాన్ని బట్టి ధాతువే వేరైపోవడం మాత్రం నాకు పూర్తిగా కొత్త. అక్కడ నియమం వెతకడం మానేసి కంఠస్థం చేశాను.

ఇప్పుడు నా నోటుపుస్తకంలో ప్రతి ధాతువుకూ నాలుగు గడులున్నాయి. కొత్త క్రియ కనబడితే ముందుగా చివరి అక్షరానికి ఎడమవైపు ఒక నిలువుగీత గీసి, ఆ తరువాతే మిగతాది చదువుతున్నాను.