రొయ్యల చెరువు లెక్కల యాప్‌కి పదిమంది చేతులు ఎలా కలిశాయంటే

మాది నెల్లూరు జిల్లా విడవలూరు వైపు. వనామీ రకం రొయ్యలు వేసే రైతులు మేత, నీటి ఉప్పదనం (సెలినిటీ), పీహెచ్, ఆక్సిజన్ లెక్కలు నోటుపుస్తకంలో రాసుకుంటారు. వాటిని ఫోన్‌లో రాసుకునేలా ఒక యాప్ మొదలుపెట్టాను. రైతు లెక్కలు మేత అమ్మేవాళ్ల గుప్పిట్లోకి పోకూడదన్నది నా పట్టుదల. అందుకే ఓపెన్ సోర్స్, అంటే యాప్ కోడ్‌ని ఎవరైనా చూసి, మార్చి, పంచుకునేలా పెట్టడం.

కోడ్‌ని అందరికీ కనిపించేలా పెడితే సరిపోదు. ఎలా వాడుకోవచ్చో చెప్పే లైసెన్స్ లేకపోతే హక్కులన్నీ రాసినవాళ్లవే, ఇంకొకరు మార్చి పంచడానికి వీల్లేదు. ఎంఐటీ లైసెన్స్ పెడితే ఏ కంపెనీ అయినా తీసుకుని, మార్చి, సోర్స్ (మార్చిన కోడ్) ఇవ్వకుండా అమ్ముకోవచ్చు. 2007లో వచ్చిన జీపీఎల్ అనే లైసెన్స్ మూడో వెర్షన్ అలా కాదు. యాప్‌ని మార్చి పంచినవాళ్లు ఆ సోర్స్ కూడా ఇవ్వాలి. అదే పెట్టాను.

తర్వాత చాలాకాలం ఎవరూ రాలేదు. యాప్‌ని కంప్యూటర్లో ఎలా నడిపించాలో తెలుగులో వివరంగా రాసి, చిన్న చిన్న పనులు విడదీసి పెట్టాక కావలి నుంచి ఇంజనీరింగ్ పిల్లలు వచ్చారు. మొదటిసారి కోడ్ పంపినవాళ్లకు అసలు ఎవరైనా చూస్తారా అన్న టెన్షన్ ఉంటుంది. అందుకే ఆ రోజే జవాబివ్వడం నియమంగా పెట్టుకున్నాను.

ప్రాజెక్టుకు ప్రాణం పోసింది మాత్రం రైతులే. కిలోకి ఎన్ని రొయ్యలు తూగితే అంత కౌంట్. ఒక విద్యార్థి చేసిన గ్రాఫ్‌లో కౌంట్ తగ్గితే ఎర్రగీత వచ్చేది. మా ఊరి పెద్దాయన చూసి, "అదేంది అబ్బయా, వంద కౌంట్ ముప్పైకి దిగితేనే గదా రొయ్య పెరిగినట్టు!" అన్నాడు. ఆ మాటల్నే ఇష్యూగా, అంటే సరిచేయాల్సిన పనిగా నమోదు చేసి, ఆయన్ని అడిగి పేరు కంట్రిబ్యూటర్ల (ప్రాజెక్టుకు చెయ్యి కలిపినవాళ్ల) జాబితాలో చేర్చాను. కోడ్ రాసినవాళ్ల కంటే ఆయన చేసింది తక్కువ పనని నేననుకోను.

డేటా సర్వర్లోనే ఉండాలా అన్న చర్చ కూడా అలాగే తేలింది. తెల్లవారే ముందు చెరువులో ఆక్సిజన్ బాగా పడిపోతుంది. రైతు గట్టుమీద ఉండేది ఆ వేళే, అక్కడేమో సిగ్నల్ అందదు. కాబట్టి అన్నీ ఫోన్లోనే దాచాలని నిర్ణయించి, కారణం కూడా అందరూ చదివేలా రాసిపెట్టాం.

ఇప్పుడు మార్పుల్ని అసలు కోడ్‌లో కలిపే (మెర్జ్ చేసే) అధికారం నాతోపాటు కావలి అమ్మాయికీ ఉంది. రైతుని అడక్కుండా లెక్కలు బయటికి పంపే ఒక మార్పును మొన్న తనే వెనక్కి తిప్పింది. లెక్కలన్నీ ఫోన్లోనే ఉండాలన్న నిర్ణయం ఆ పాత చర్చలోనే ఉంది కాబట్టి నేను కలగజేసుకోవాల్సిన పని పడలేదు.