మంచినీటి నుంచి ఉప్పునీటి దాకా: మెకాంగ్ డెల్టాలో ఒంటరిగా

సంక్రాంతి వెళ్లిన తర్వాతి వారం చెన్నైలో విమానమెక్కి, కౌలాలంపూర్‌లో మారి, హో చి మిన్ సిటీలో దిగాను. వియత్నాం వెళ్లేవారు సాధారణంగా ఉత్తరాన హా లాంగ్ అఖాతాన్ని, మధ్యలో హోయ్ ఆన్‌ను చూసుకొని, దక్షిణాన ఉన్న మెకాంగ్ డెల్టాకు ఒక్క పూట కేటాయిస్తారు. ఉదయం బస్సు, ఒక కొబ్బరి మిఠాయి తయారీశాల, కాసేపు పడవ షికారు, సాయంత్రానికి మళ్లీ నగరం. నేను మిగతావన్నీ వదిలిపెట్టి డెల్టాకే వెళ్లాను. మా అమ్మకు ఇది బొత్తిగా నచ్చలేదు. "ఆడేముందని ఒక్కదానివే పోతావే? మళ్లూ గుంటలూ మనకు లేవా?" అని అడిగింది. ఉన్నాయి కాబట్టే వెళ్లాలనిపించింది. నెల్లూరు తీరంలో విడవలూరు, అల్లూరు, ఇందుకూరుపేట వైపు పెరిగినవారికి మంచినీరు ఎక్కడిదాకా వస్తుంది, ఉప్పునీరు ఎక్కడ మొదలవుతుంది అన్నదే డెల్టాలో అసలు సంగతి. దారిని కూడా అందుకు తగ్గట్టే ఎంచుకున్నాను. కంబోడియా సరిహద్దున, నది తియ్యగా ఉండే చౌదోక్‌లో మొదలుపెట్టి, మూడు వైపులా ఉప్పునీరున్న కామౌ కొస దాకా వెళ్లాలని నిర్ణయించుకున్నాను.

వీసా ఇంట్లో కూర్చునే తీసుకోవచ్చు. ఒకసారి ప్రవేశానికి 25 డాలర్లు. 2023 ఆగస్టు నుంచి దానిమీద 90 రోజుల దాకా ఉండనిస్తున్నారు. బస్సుల విషయంలో వారి పద్ధతి నాకు బాగా నచ్చింది. టికెట్టు కొంటే చాలాచోట్ల బస చేసిన లాడ్జి దగ్గరికే చిన్న వ్యాను వచ్చి ఎక్కించుకొని బస్టాండులో దింపుతుంది. దూరప్రయాణపు బస్సుల్లో అందరూ పడుకునే వెళ్తారు, చెప్పులు విప్పి సంచిలో వేసుకున్నాకే లోపలికి రానిస్తారు. భాష రాకపోవడం పెద్ద ఇబ్బంది కాలేదు. ఫోనులోని అనువాదం, క్యాలిక్యులేటర్ చాలావరకు పని నడిపించాయి.

చౌదోక్‌లో నది ఎంత వెడల్పుగా ఉందంటే, నీళ్లు కదులుతున్నాయో లేదో తెలుసుకోవడానికి కొట్టుకుపోతున్న గుర్రపుడెక్కను చూడాల్సి వచ్చింది. ఒడ్డు పొడవునా తేలే ఇళ్లున్నాయి. ఒక ఇంట్లో నట్టింటి చెక్కపలకను పైకి లేపి చూపించారు. దాని కింద ఇంటి అంత పొడవున వల కట్టిన బోను, అందులో మన దగ్గర పంగస్ అని పిలిచే చేపలు ఉన్నాయి. గుప్పెడు మేత వేయగానే నీళ్లు ఉడికినట్టు పైకి లేచాయి, నేను మోకాళ్ల దాకా తడిశాను. ఊరి పక్కనుంచి పశ్చిమ సముద్రం, అంటే థాయిలాండ్ సింధుశాఖ దాకా వెళ్లే వింతే కాలువను 1819 నుంచి 1824 వరకు వేలాదిమందితో చేత్తోనే తవ్వించారు. ఆ పని చేయించిన అధికారి థోయ్ న్గోక్ హౌ సమాధి శామ్ కొండ పాదం దగ్గర ఉంది. మన బకింగ్‌హామ్ కాలువ తవ్వకం కూడా అదే శతాబ్దంలో మొదలైంది. ధాతు కరువు కాలంలో, అంటే 1876-78లో, కూలికి వచ్చినవారితో దానిని పొడిగించారు. వింతే మీద నేటికీ సరుకు పడవలు నడుస్తున్నాయి. మన కాలువ మీద పడవ ప్రయాణాలు తాతల కబుర్లలోనే మిగిలాయి.

అక్కడినుంచి ఓక్ ఏవో వెళ్లడానికి ఒక మోటారుసైకిలును బాడుగకు మాట్లాడుకున్నాను. పొలాల మధ్య బా థే అనే చిన్న కొండ, దాని చుట్టూ తవ్వకాల గుంతల మీద రేకుల కప్పులు ఉన్నాయి. ఫ్రెంచి పురాతత్వవేత్త లూయీ మాలరే 1944లో ఇక్కడ తవ్వించినప్పుడు, క్రీస్తుశకం తొలి శతాబ్దాల నాటి రేవుపట్టణం బయటపడింది. రోమను చక్రవర్తి ఆంటోనినస్ పయస్ పేరున్న బంగారు పతకం దొరికింది ఇక్కడే. నాకు ఈ చోటు మీద ఆసక్తి కలగడానికి కారణం వేరే ఉంది. 1786లో నెల్లూరు దగ్గర ఒక రైతు దుక్కి దున్నుతుండగా చిన్న గుడి శిథిలం తగిలింది, అందులో కుండ నిండా రెండో శతాబ్దపు రోమను బంగారు నాణేలు దొరికాయి. ఆ రెండు చోట్లా ఒకే కాలపు రోమను బంగారం మట్టిలో దొరకడం యాదృచ్ఛికం కాదు. సముద్రం మీద సరుకు సాగిన దారి ఒకటే. కొండ దగ్గరి లిన్ సోన్ గుడిలో నాలుగు చేతుల రాతి విగ్రహం ఒకటుంది. పండితులు దానిని విష్ణుమూర్తి అంటారు, ఊరివారు బుద్ధుడని పూజిస్తారు. పెన్న ఒడ్డున రంగనాథస్వామి గుడికి వెళ్తూ పెరిగినదాన్ని కనుక నేను ఎవరి మాట నమ్మానో చెప్పనక్కర లేదు. అగరువత్తి మాత్రం వారి పద్ధతిలోనే రెండు చేతులతో పట్టుకొని వెలిగించాను.

కాన్ థో డెల్టాలో పెద్ద నగరం. పుస్తకాల్లోనూ వీడియోల్లోనూ ఊదరగొట్టే కాయ్ రాంగ్ తేలే సంతకు తెల్లవారకముందే వెళ్లాను. ఏ పడవలో ఏ సరుకుందో దూరానికే తెలిసేలా పొడవాటి వెదురు గడకు అనాసనో గుమ్మడికాయనో వేలాడదీయడం ముచ్చటగానే ఉంది. అయితే ఆ పూట సరుకు పడవల కంటే ఫొటోలు తీసుకునేవారి పడవలే ఎక్కువగా కనిపించాయి. రోడ్లు, వంతెనలు వచ్చాక నీటిమీద బేరం తగ్గిపోవడం సహజమే. 2010లో తెరిచిన కాన్ థో వంతెన మీదుగా లారీ ఇప్పుడు గంటల్లో హో చి మిన్ సిటీ చేరుతుంటే, రైతు పడవలో ఎందుకు తిరుగుతాడు? ఆ వంతెన కడుతుండగా 2007లో ఒక భాగం కూలి యాభైమందికి పైగా కూలీలు చనిపోయారు. తక్కువ సమయమున్నవారు ఈ సంతను వదిలేసినా నష్టపోరని నా అభిప్రాయం.

వదలకూడనిది ఆ ఊళ్లో దొరికే చేపల పులుసు. కాన్ చువా అంటారు. మార్కెట్లో ఒకామె నీళ్ల తొట్టిలోంచి చేపను పైకి తీసినప్పుడే గుర్తుపట్టాను, అది మన కొరమీను. దానిని చింతపండు పులుసులో టమాటా, అనాస ముక్కలు, బెండకాయ, ఒక రకం చేమకాడలు వేసి ఉడికిస్తారు. కారం చాలా తక్కువ, చక్కెర తగులుతుంది, పులుసు పలుచగా ఉంటుంది. నెల్లూరులో పొద్దున వండి రాత్రికి తినే చిక్కటి పులుసుకు అలవాటుపడిన నాలుకకు మొదటి ముద్ద చప్పగానే అనిపించింది. రెండో గిన్నె అడిగి తిన్నాను. చేమకాడ స్పాంజిలాగా పులుసంతా పీల్చుకొని, కొరికితే వేడివేడిగా నోట్లో కారుతుంది. మామిడికాయ వేసే మన పులుసులో ఇదొక్కటీ లేదు.

కాన్ థో దాటి దక్షిణానికి వెళ్తున్న కొద్దీ పైరు రంగు మారింది. కామౌ దగ్గరి థోయ్ బిన్ ప్రాంతంలో నేను చూడాలనుకున్నది కనిపించింది. ఒకే మడిలో ఆరు నెలలు వరి, ఆరు నెలలు రొయ్య. మడి చుట్టూ నడుము లోతు కాలువ ఉంటుంది. వానలు మొదలవగానే ఉప్పును రెండుమూడుసార్లు కడిగి బయటికి వదులుతారు, ఆగస్టు, సెప్టెంబరుల్లో నాట్లు వేస్తారు, జనవరికి కోతలు అయిపోతాయి. ఆ తర్వాత తూము ఎత్తి ఆటుపోటు నీటిని లోపలికి రానిచ్చి, రొయ్యపిల్ల వదులుతారు. కుళ్లిన వరి మొదళ్లే రొయ్యలకు మొదటి మేత, రొయ్యల మడ్డే వరికి ఎరువు. నేను వెళ్లినప్పుడు ఒక మడిలో కోత యంత్రం తిరుగుతుండగా, గట్టు అవతలి మడిలోకి అప్పుడే ఉప్పునీరు వస్తోంది. రైతు మోకాలి లోతు నీళ్లలో నిలబడి ఫోనులో 30 అని నొక్కి చూపించాడు. కిలోకు ముప్ఫై రొయ్యలు తూగుతాయని అర్థం. కౌంట్ లెక్క అక్కడా ఇక్కడా ఒకటే కాబట్టి మాకు దుబాసీ అవసరం లేకపోయింది.

మన తీరంలో వరికీ రొయ్యకూ ఇలాంటి పొత్తు కుదరలేదు. తొంభైల మొదట్లో టైగర్ రొయ్య వచ్చింది, రొయ్యల గుంటల ఉప్పు పక్క మళ్లలోకీ బావుల్లోకీ దిగిందని తగాదాలు వచ్చాయి, తెల్లమచ్చల తెగులు వచ్చింది, 1996 డిసెంబరులో తీరంలోని రొయ్యల గుంటలను మూసేయమని సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది, 2009 తర్వాత వెనామీ అనే మరో రకం రొయ్య వచ్చింది. ఇవన్నీ జరిగినా మడి మడిగానూ గుంట గుంటగానూ వేరుగానే ఉండిపోయాయి. దీనికి కారణం మన రైతుల తెలివితక్కువతనం అనలేను. అక్కడ ఏటా ఆరు నెలల వాన మడిని ఉచితంగా కడిగిపెడుతుంది. మనకు వర్షం ఈశాన్య రుతుపవనాల మీద, తుపానుల మీద ఆధారపడి ఉంటుంది. మిగతా నీటికి సోమశిల తూములు ఎప్పుడు ఎత్తుతారా అని ఎదురుచూడాలి. అక్కడా అన్ని ఏళ్లూ సవ్యంగా జరగవు. 2016లో ఎల్ నినో వల్ల నది పలచబడి, ఉప్పునీరు సముద్రం నుంచి 90 కిలోమీటర్ల దాకా లోపలికి ఎక్కింది. ఆ ఏడు వరి ఎండిపోయి, తాగడానికి నీళ్లు ట్యాంకర్లలో వచ్చాయి. 2020లోనూ అదే జరిగింది. ఎగువన చైనాలోనూ లావోస్‌లోనూ కట్టిన ఆనకట్టల వల్ల ఒండ్రు రావడం తగ్గిందన్న ఆందోళన కూడా వారికి ఉంది.

కామౌ కొసకు పడవలోనూ రోడ్డు మీదా వెళ్లవచ్చు. నేను బస్సులో వెళ్లి, తిరుగు ప్రయాణానికి స్పీడుబోటు ఎక్కాను. దారికి రెండు వైపులా మడ అడవి. యుద్ధకాలంలో అమెరికా విమానాలు చల్లిన ఆకురాల్చే మందుకు ఇక్కడి మడచెట్లు వేల ఎకరాల్లో మాడిపోతే, యుద్ధం ముగిశాక మళ్లీ నాటి పెంచారు. అడవిని కొట్టకుండా చెట్ల మధ్య కాలువల్లోనే టైగర్ రొయ్యలను పెంచుతున్నారు. మేత వేయరు, నీటిలో గాలి కలిపే ఏరియేటర్ ఉండదు. పున్నమికీ అమావాస్యకూ పెద్ద పోటు తీసేటప్పుడు రాత్రిపూట తూముకు వల కట్టి, నీటితో పాటు బయటికి వచ్చే రొయ్యలను పట్టుకుంటారు. చిన్నవి మళ్లీ లోపలికే. కొస దగ్గర తూర్పు గట్టును సముద్రం కోసేస్తోంది, పడమటి వైపు బురద మేట వేస్తూ నేల పెరుగుతోంది. ఆ కొత్త బురదలో నిన్నమొన్న మొలిచిన మడ మొక్కలు వరసగా నిలబడి ఉన్నాయి.

ఆ రాత్రి లాడ్జి నుంచి విడవలూరు మామకు ఫోను చేసి ఇదంతా చెప్పాను. ఆయనకు వెనామీ గుంటలున్నాయి. "మేత ఎయ్యకుండా రొయ్యలా? ఎకరాకు ఎంత దిగతాదంటనో కనుక్కున్నావా?" అన్నాడు. నేను విన్న లెక్క చెప్పాను. కాసేపు నవ్వి, దానికి మందుల ఖర్చు కూడా రాదన్నాడు. వాళ్లు మందులూ వేయరని చెప్పాను. కరెంటు బిల్లు ఎంత వస్తుందని అడిగాడు. బిల్లే లేదన్నాను. ఆ తర్వాత ఆయన వేసిన ప్రశ్నలు చెట్ల గురించి, తూము వెడల్పు గురించి. జవాబుల కోసం మర్నాడు స్పీడుబోటు ఎక్కేముందు మళ్లీ ఆ రైతుల దగ్గరికి వెళ్లి, టేపు అడిగి తీసుకొని, ఒక తూము కొలిచి ఆయనకు ఫొటో పంపాను.