విదేశంలో మనిషిని పెట్టుకునే ముందు

భీమవరం, కాకినాడ పరిసరాల్లోని రొయ్యల ఎగుమతి సంస్థలకు లెక్కలు, చట్టపరమైన కాగితాలు చూసిపెట్టడం నా వృత్తి. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద అదనపు సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పటి నుంచి మా యజమానులు జపాన్, జర్మనీ, వియత్నాం వంటి దేశాల్లో కొత్త కొనుగోలుదారులను వెతుకుతున్నారు. అందుకోసం అక్కడే ఉండి తిరిగే మనిషిని ఉద్యోగంలో పెట్టుకోవాలని అనుకుంటున్నారు. ఆ ఆలోచనతో వచ్చినవారు దాదాపు అందరూ ఒకే మాట అడుగుతారు: “ఒప్పందం ఇక్కడే స్టాంపు పేపరు మీద రాసుకుందామండీ. తగాదా వస్తే భీమవరం కోర్టు అని ఒక క్లాజు పెట్టేస్తే సరిపోతుంది కదా?” సరిపోదు. ఎందుకు సరిపోదో ఒకసారి వివరంగా రాయాలని చాలాకాలంగా అనుకుంటున్నాను.

జీతం ఏ బ్యాంకు నుంచి వెళ్తోంది, సంతకాలు ఎక్కడ జరిగాయి అన్నవాటికంటే ఉద్యోగి రోజూ ఎక్కడ ఉండి పని చేస్తున్నాడన్నదే ఇక్కడ ప్రధానం. ఐరోపా సమాఖ్యలో 2009 డిసెంబరు 17 నుంచి కుదిరిన ఒప్పందాలకు ఏ దేశపు చట్టం వర్తిస్తుందో తేల్చే ‘రోమ్ వన్’ నిబంధనల్లోని 8వ అధికరణం ఈ సంగతిని సూటిగా చెబుతుంది. ఒప్పందంలో ఏ దేశపు చట్టం పేరైనా రాసుకోవచ్చు గానీ, ఉద్యోగి మామూలుగా పనిచేసే దేశంలోని చట్టం అతనికి ఇచ్చిన తప్పనిసరి రక్షణలను ఆ రాతతో తీసివేయడానికి వీల్లేదు. ఐరోపా బయట కూడా చాలా దేశాల కార్మిక చట్టాలు ఆచరణలో ఇదే దారిలో నడుస్తాయి.

స్టాంపు పేపరు కుదరదని తెలిశాక తరువాతి ఆలోచన కన్సల్టెంటు. ఉద్యోగి అనకుండా, నెలనెలా ఇన్‌వాయిస్ పంపే కన్సల్టెంటు అని రాసుకుంటే పీఎఫ్ వంటి బాధ్యతలు, సెలవులు, నోటీసు ఏవీ ఉండవన్నది ఆశ. అయితే ఆ మనిషి మన ఒక్క సంస్థకే పనిచేస్తూ, మన మేనేజరు చెప్పిన వేళకు హాజరవుతూ, మన ఈమెయిల్ వాడుతూ, సెలవు కావాలంటే మన అనుమతి అడుగుతుంటే, కాగితం మీద ఏ పేరు రాసినా అధికారులు చూసేది పని తీరునే. జర్మనీలో ఇలాంటి వ్యక్తి ఉద్యోగేనని తేలితే పాత కాలానికి సామాజిక బీమా చందాలన్నీ యజమానే కట్టాలి. సాధారణంగా నాలుగేళ్ల వరకూ, కావాలనే ఎగ్గొట్టారని రుజువైతే ముప్ఫై ఏళ్ల వరకూ వెనక్కి వెళ్లి వసూలు చేసే వీలుంది. ఉద్యోగి వాటాను అతని దగ్గర రాబట్టుకుందామన్నా, ఆ తరువాతి మూడు జీతాల్లోంచి తప్ప కోయడానికి లేదు. అతని స్థితి ఏమిటో ముందే తేల్చమని జర్మన్ పింఛను బీమా సంస్థకు దరఖాస్తు పెట్టుకునే ఏర్పాటు ఉంది. కన్సల్టెంటు మార్గమే కావాలని పట్టుబట్టేవారికి ముందు ఆ దరఖాస్తు పెట్టమనే నా సలహా.

ఇక్కడ మనకు అలవాటైన నియామక పత్రం నమూనా పరాయి దేశంలో ఎన్ని చోట్ల బెసుకుతుందో చెప్పాలంటే చాలా ఉంది. మనం అలవాటుగా రాసే ఆరు నెలల ప్రొబేషన్ యూఏఈలో గరిష్ఠ పరిమితికి సరిగ్గా సరిపోతుంది కానీ, వియత్నాంలో 2021 జనవరి 1న అమల్లోకి వచ్చిన కార్మిక కోడ్ ప్రకారం కాలేజీ చదువు అవసరమైన ఉద్యోగాలకు 60 రోజులు దాటకూడదు. ఆ రోజుల్లో కూడా పూర్తి జీతంలో కనీసం 85 శాతం ఇవ్వాలి. గడువు ఒప్పందాలను ఏటేటా పొడిగించుకుంటూ పోదామంటే, అక్కడ సాధారణంగా రెండో ఒప్పందం తరువాత గడువు లేని ఉద్యోగమే ఇవ్వాలి. గ్రాట్యుటీకి మనం ఏడాదికి 15 రోజుల జీతం లెక్క కడితే యూఏఈలో మొదటి ఐదేళ్లకు ఏడాదికి 21 రోజుల మూల వేతనం, ఆపైన 30 రోజులు. ఫిలిప్పీన్స్‌లో పన్నెండు నెలల జీతానికి అదనంగా ఇచ్చే పదమూడో నెల జీతం యజమాని దయ మీద ఆధారపడింది కాదు, 1975 నాటి డిక్రీ ప్రకారం డిసెంబరు 24లోగా ఇచ్చి తీరాలి. మన రొయ్యకు గట్టి పోటీదారైన ఈక్వడార్‌లో సంస్థ లాభంలో 15 శాతం ఉద్యోగులకు పంచాలన్నది చట్టం.

ఉద్యోగంలోంచి తీసేసే విషయంలో మరీ జాగ్రత్త అవసరం. జర్మనీలో తొలగింపు నోటీసు కాగితం మీద, చేత్తో చేసిన సంతకంతో అందాలి. ఈమెయిల్‌లోనో వాట్సాప్‌లోనో పంపిన నోటీసు చెల్లదు, అంటే ఆ ఉద్యోగం కొనసాగుతున్నట్టే, జీతం బాకీ పెరుగుతున్నట్టే. అమెరికాలో మోంటానా తప్ప మిగతా రాష్ట్రాల్లో కారణం చెప్పకుండా తీసేయవచ్చన్నది సాధారణ సూత్రం. అది విని ధీమా పడేవారికి కాలిఫోర్నియా సంగతి చెబుతుంటాను. అక్కడ తీసేసిన రోజునే రావలసిన జీతమంతా చేతిలో పెట్టాలి. కావాలని ఆలస్యం చేస్తే రోజుకు ఒక రోజు జీతం చొప్పున 30 రోజుల వరకూ అదనంగా కట్టాలి. పని కోసం ఉద్యోగి పెట్టుకున్న అవసరమైన ఖర్చులూ యజమానివే. మానేశాక రెండేళ్లు పోటీ సంస్థలో చేరకూడదన్న క్లాజు అక్కడ చెల్లదు. నిజానికి 1872 నాటి మన కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ ప్రకారం ఇక్కడా చెల్లదు.

ఈ విషయంలో నా పట్టుదలకు మరో కారణం కూడా ఉంది. కోనసీమ నుంచి, నరసాపురం, పాలకొల్లు చుట్టుపక్కల నుంచి కువైట్, మస్కట్ ఇళ్లలో పనికి వెళ్లిన ఆడవాళ్లు మా ప్రాంతంలో ఎందరో ఉన్నారు. కువైట్‌లో 2015 నాటి 68వ చట్టం వాళ్లకు రోజుకు 12 గంటలకు మించని పని, వారానికి ఒక సెలవు, ఏటా 30 రోజుల జీతంతో కూడిన సెలవు ఇచ్చింది. యజమాని పాస్‌పోర్టు తన దగ్గర పెట్టుకోకూడదంది. ఆ చట్టాన్ని అక్కడి యజమాని పాటించలేదని తెలిసినప్పుడు మన కడుపు మండుతుంది, మండాలి కూడా. ఆ ఆడవాళ్ల ఊళ్లలోనే ప్లాంటు నడిపే మనం హోచిమిన్ సిటీలో ఒక అమ్మాయిని పెట్టుకుని, ఆ దేశం ఆమెకిచ్చిన ఆరు నెలల ప్రసూతి సెలవును ‘మా సంస్థ నియమాల్లో లేదు’ అని కాదనడం నాకు ఏ మాత్రం న్యాయంగా తోచదు.

సొంత సంస్థ తెరవకుండా, అక్కడి చట్టబద్ధమైన యజమానిగా వ్యవహరించే మధ్యవర్తి సంస్థ ద్వారా నియమించుకోవడం చిన్నవారికి అనువైన దారి. దానికీ హద్దులున్నాయి. జర్మనీలో ఆ పద్ధతిని ఉద్యోగిని అద్దెకు ఇచ్చినట్టుగా పరిగణిస్తే మధ్యవర్తికి లైసెన్సు ఉండాలి, సాధారణంగా ఒకే చోట 18 నెలలు దాటకూడదు. మన మనిషినే ఇక్కడి నుంచి కొంతకాలానికి పంపితే, సామాజిక భద్రతా ఒప్పందం ఉన్న జపాన్, జర్మనీ వంటి దేశాల్లో ఇక్కడ చందా కడుతున్నట్టు ఈపీఎఫ్ఓ ఇచ్చే కవరేజ్ సర్టిఫికెట్‌తో రెండు చోట్లా చందా కట్టే బాధ తప్పుతుంది. అమెరికాతో అలాంటి ఒప్పందం లేదు. ఏ దారి పట్టినా, అక్కడి మనిషికి మన తరఫున ధర ఖాయం చేసి ఆర్డర్లు ఒప్పుకునే అధికారం ఇస్తే ఆ దేశంలో మన లాభం మీద పన్ను పడే అవకాశం ఉందని ఆడిటరుకు చెప్పి రాతపూర్వకంగా అభిప్రాయం తీసుకోవాలి.

కనుక నా దగ్గరికి వచ్చేవారిని అభ్యర్థికి జీతం అంకె చెప్పకముందే రమ్మంటాను. ఆ అంకె మీద యజమాని కట్టవలసిన బీమా వాటా, చట్టం చెప్పిన పదమూడో నెల, సెలవులు, చివరికి విడిపోయేటప్పుడు ఇవ్వవలసింది కలిపి ఏడాది ఖర్చు కాగితం మీద వేస్తాం. ఆ దేశపు లాయరు చూసి సరేనన్నాక, అక్కడి చట్టం అడిగిన భాషలో, ఇండోనేషియాలో అయితే గడువు ఒప్పందాన్ని వాళ్ల భాషలోనే, నియామక పత్రం తయారవుతుంది.