మండలాల పెట్టె ఖాళీగా ఉంటే

ప్రభుత్వ వెబ్‌సైట్లలో జిల్లా ఎంచుకోగానే మండలాలు, మండలం ఎంచుకోగానే గ్రామాలు వస్తాయి. పేజీ మొత్తం మళ్లీ తెరుచుకోకుండా ఆ పని చేసిపెట్టేది జావాస్క్రిప్ట్ అనే ప్రోగ్రామింగ్ భాష. ఇలాంటి ఫారాలు రాయడమే నా వృత్తి, ఆ సదుపాయమంటే నాకు ఇష్టం కూడా. కానీ మొన్న మా పెద్దమ్మ ఆదాయ ధ్రువపత్రం కోసం కూర్చుంటే, సిగ్నల్ సన్నగిల్లి మండలాల పెట్టె ఖాళీగా ఉండిపోయింది. ఏం జరిగిందో చెప్పే ఒక్క వాక్యం కూడా లేదు. "మన ఊరు ఇందులో లేదేమో నాయనా" అంది. నాకు చాలా కోపం వచ్చింది. దుకాణం సైటు మొరాయిస్తే ఇంకో దుకాణం చూసుకుంటాం, ధ్రువపత్రం కోసం ఎక్కడికి పోతాం? ఊరి పేరు టైపు చేసుకునే వీలైనా ఇవ్వాలి కదా!

బ్రిటన్ ప్రభుత్వ డిజిటల్ విభాగం 2013లో లెక్క తీస్తే, తమ సైటుకు వచ్చినవారిలో 1.1 శాతం మందికి జావాస్క్రిప్ట్ అందడం లేదని తేలింది. కావాలని ఆపుకున్నవారు, అది నడవని బ్రౌజర్లు వాడేవారు కలిపి 0.2 శాతమే. అక్కడ ముందు మామూలు హెచ్‌టీఎంఎల్‌తో, అంటే వెబ్‌పేజీకి పునాది అయిన భాషతోనే, పని జరిగేలా కట్టి, హంగులు ఆ తర్వాతే చేరుస్తారు.

ఒకప్పుడు వెబ్‌పేజీల్లో యానిమేషన్లు, ఫారాలు నడిపిన అడోబ్ సాఫ్ట్‌వేర్ ఫ్లాష్ సంగతి మరీ దారుణం. 2020 డిసెంబరు 31తో దానికి మద్దతు ఆగిపోయాక, దక్షిణాఫ్రికా పన్నుల శాఖ పాత ఫారాల కోసం సొంత బ్రౌజరే విడుదల చేయాల్సి వచ్చింది.