వేలు నొక్కి పంపేశారట

బావగారి కోపం ఇంకా చల్లారలేదు. మూడు రోజుల జ్వరం. పొద్దున తీసుకెళ్తే డాక్టరమ్మ బీపీ చూసి, ఊపిరి లెక్కపెట్టి, వేలికొస నొక్కి, రక్తపరీక్ష చేయించి, మాత్రలిచ్చి పంపింది. "వేలు నొక్కి పంపేశారు, ఒక్క సెలైన్ సీసా కూడా ఎక్కించలేదు" అని ఆమదాలవలస చుట్టాలందరికీ ఫోన్లు. ప్రతి ఫోను చివరా నా వైపు ఒక చూపు. ఆసుపత్రి ఎంచింది నేనే కదా! చారులో ఉప్పు తగ్గిందని కూడా అన్నారు. దానికీ దీనికీ సంబంధం లేదు, అయినా రాయకుండా ఉండలేను.

రాత్రి ఫోనులో మా చిన్నమ్మాయితో గోడు వెళ్లబోసుకున్నాను. ఎమర్జెన్సీ డ్యూటీ నుంచి అప్పుడే వచ్చింది. "ఆ నొక్కడమే అసలు పరీక్షని పెదనాన్నకి చెప్పమ్మా" అంది. వేలికొసను పది సెకన్లు నొక్కి వదిలితే, తెల్లబడిన చోట మూడు సెకన్లలో ఎరుపు తిరిగి రావాలట, రాకపోతే అక్కడికి రక్తం సరిగా అందడం లేదన్నమాట. 2019లో దక్షిణ అమెరికా దేశాల్లో 424 మంది సెప్సిస్ షాక్ రోగుల్లో, అంటే ఇన్ఫెక్షన్ ఒంటిని కుదిపేసి బీపీ పడిపోయినవాళ్లలో, సగంమందికి ఈ వేలిని బట్టి, మిగతావారికి ఒంటికి రక్తం సరిగా అందనప్పుడు రక్తంలో పెరిగే లాక్టేట్‌ను బట్టి వైద్యం చేశారట. 28 రోజుల్లో పోయినవారు వేలు వైపు నూటికి 35, లాక్టేట్ వైపు 43. "లెక్కల్లో అది గట్టి తేడా కాదులే, కానీ పైసా ఖర్చు లేదు" అంది.

ఫోను పెట్టేశాక నాన్న గోరు గుర్తొచ్చింది.

2003, వానాకాలం. గట్టు చెక్కుతుంటే పార కాలికి తగిలింది. రెండు రోజులకు వాపు మోకాలి దాకా పాకింది. ఊరి డాక్టరు కిటికీ ఊచకు తాడుతో సెలైన్ సీసా కట్టాడు. ఒకటి, రెండు, మూడు. నాన్న ఎప్పుడో పోయిన మా నాయనమ్మతో మాట్లాడటం మొదలుపెట్టాక గాని ఆటో పిలవలేదు. నా చేతిలో ఆయన చెయ్యి నాగావళిలోంచి అప్పుడే తీసినట్టు చల్లగా ఉంది. గతుకు వచ్చినప్పుడల్లా నా బొటనవేలు ఆయన గోరు మీద పడేది. తీసినా ఆ తెలుపు పోయేది కాదు. చూస్తూ కూర్చున్నాను, శ్రీకాకుళం వచ్చేదాకా.

ఇన్నేళ్లూ ఆ ఊరి డాక్టరునే తిట్టుకున్నాను. కానీ 2001లో అమెరికాలోని డెట్రాయిట్‌లో 263 మంది సెప్సిస్ రోగుల మీద వచ్చిన పరిశోధనలోనూ తొలి ఆరు గంటల్లో సెలైన్లు బాగా ఎక్కించారట. చావులు నూటికి 46 నుంచి 30కి తగ్గాయట. అంటే ఆయన చేసింది సరైనదేనా? కాదు, అక్కడ యాంటీబయాటిక్ కూడా పడింది, నాన్నకు పడలేదు. పైగా 2017లో వచ్చిన జాంబియా పరిశోధనలో ఎక్కువ ఎక్కించినవారిలోనే 48 శాతం పోయారు, మామూలు వైద్యంలో 33. అక్కడివారిలో చాలామందికి హెచ్‌ఐవీ, వెంటిలేటర్లు అరుదు. మా ఊళ్లో వెంటిలేటరు మాటే ఎవరూ వినలేదు. తిట్టుకోవడం మానలేను, మునుపటంత గట్టిగానూ తిట్టలేను.

ఆ ఆటో తెచ్చింది బావగారే. "నాలుగో సీసా ఎక్కించి ఉంటే మీ నాన్న బతికేవాడు" అని ఇప్పటికీ అంటారు. పొద్దున అది గుర్తు రాలేదు నాకు.

ఇందాక మంచినీళ్లు పెట్టడానికి వెళ్తే ఆయన చెయ్యి మంచం బయటికి వేలాడుతోంది. బావగారి చెయ్యి నేను పట్టుకోవడమేమిటని మా ఆయన్ని లేపాను. అర్ధరాత్రి అన్నయ్య వేలు నొక్కాలా అని విసుక్కుంటూ వెళ్లారు. వదలగానే ఎర్రబడిందట. బావగారు లేచి, "సెలైన్ పెట్టడానికి ఎవరైనా వచ్చారా?" అని అడిగారట.