కొండ మీదికి ఎందుకు పోలేదు?

"అంత దగ్గర్లోనే ఉన్నాడు కదా, ఒక్కసారి కూడా ఎందుకు పోయి చూడలేదు?" అని మా అమ్మాయి పట్టుకుంది. 'ఎడ్వర్డ్ సిజర్‌హ్యాండ్స్' సినిమాలో ఎడ్వర్డ్‌ను ప్రేమించిన కిమ్ మీద దాని కోపం. వేసవి సెలవులకు కడప వచ్చాం. బయట కాలు పెట్టలేని ఎండ. మధ్యాహ్నం అన్నాలయ్యాక అందరం టీవీ ముందు చేరాం.

1990లో టిమ్ బర్టన్ తీసిన సినిమా అది. ఎడ్వర్డ్‌ను తయారుచేసిన ముసలాయన, చేతులు అమర్చకముందే చచ్చిపోతాడు. వాడికి కత్తెరలే మిగులుతాయి. కొండ మీద పాడుబడ్డ బంగళాలో ఒంటరిగా ఉన్నవాణ్ణి, ఇల్లిల్లూ తిరిగి ఏవన్ క్రీములు అమ్మే పెగ్ తన ఇంటికి తెచ్చుకుంటుంది. వీధంతా వాణ్ణి నెత్తిన పెట్టుకుంటుంది. చెట్లు కత్తిరించు, కుక్క బొచ్చు కత్తిరించు, మా జుట్టు కత్తిరించు! ఒక దొంగతనంలో ఇరుక్కోగానే అదే వీధి తరుముకొస్తుంది.

ఈ సినిమాను నేను సొంత ఆస్తిలా చూసుకుంటాను. ఎడ్వర్డ్ అంటే నేనే, పరాయి దేశంలో నేను. వాడి ముఖం మీది గాట్లు కనపడకుండా పెగ్ క్రీములు పూసే చోట సినిమా ఆపి మరీ పాపకు క్లాసు పీకాను. పిల్లలకు అర్థాలు ముందే చెప్పకండి, వాళ్ళనే చెప్పనివ్వండి అని అక్కడి తెలుగు బడిలో తోటి తల్లులకు సలహా ఇచ్చేది కూడా నేనే.

మా తమ్ముడు మాత్రం ఎడ్వర్డ్ మీద జాలి పడలేదు. "ఏమైనా గానీ ఆ కిమ్ బాయ్‌ఫ్రెండ్ జిమ్‌ని పొడిచింది వాడే కదక్కా" అన్నాడు. మా అమ్మకు వీధి మీదా కోపం లేదు, ఎడ్వర్డ్ మీదా లేదు. "తప్పంతా ఆ ముసలాయనదే. మర్యాదలు నేర్పించినాడు, పద్యాలు చదివి వినిపించినాడు. చేతులు ఆఖర్న పెడదాంలే అనుకున్నాడు. ముందు చేతులు పెట్టాల గదా?" అంది.

నాకు ఎక్కడో చురుక్కుమంది. పాపకు శ్లోకాలు వచ్చు, కూచిపూడి వచ్చు. అవ్వతో కూర్చుని ఒక గంట కబుర్లాడే తెలుగు మాత్రం రాదు. ఇంట్లో తెలుగే మాట్లాడాలని రూలు పెట్టిందాన్ని నేనే. కోపమొస్తే ఇంగ్లీషులో అరిచేదాన్నీ నేనే.

మాట మార్చడానికి దేవుని కడప సంగతి ఎత్తుకున్నాను. ఉగాది నాడు ఆ వెంకటేశ్వరస్వామి గుడికి ముస్లింలు వస్తారనీ, స్వామి భార్య బీబీ నాంచారి తమ ఇంటి ఆడబిడ్డ అనీ, ఆ లెక్కన స్వామి తమ అల్లుడనీ పాపకు చెప్పాను. మన ఊళ్ళో బయటివాళ్ళను తరమరు, చుట్టరికం కలుపుకుంటారు అని కాస్త గర్వంగానే అన్నాను.

"మరి నన్నెందుకు అందరూ అమెరికా పాప అంటారు?"

అది ముద్దు పేరే అన్నాను. ఎడ్వర్డ్‌ని కూడా మొదట్లో అందరూ ముద్దే చేశారంది. ఆ తర్వాత కిమ్ మీదికి వచ్చింది. వాడు చచ్చిపోయాడని వీధికి అబద్ధం చెప్పి కిమ్ వాణ్ణి కాపాడుతుంది. ముసలిదయ్యాక ఆ కథ మనవరాలికి చెబుతుంది, తను మళ్ళీ ఎప్పుడూ అక్కడికి పోలేదంటుంది. అప్పటి తన రూపమే వాడికి గుర్తుండాలట. నాకు కళ్ళు చెమర్చేది అక్కడే.

"నువ్వూ అంతే కదమ్మా. పడుకునేటప్పుడు కడప కథలు చెప్తావు, ఇక్కడికి మాత్రం రావు."

ఎడ్వర్డ్ అని మురిసిపోతున్నదాన్ని కాస్తా కిమ్‌ని చేసి కూర్చోబెట్టింది. టికెట్ల ధరలు, సెలవులు, దాని స్కూలు అని మొదలుపెట్టాను. కారణాలు కిమ్‌కీ ఉన్నాయి కదా అంటుందేమోనని మధ్యలోనే ఆపేశాను.

అదంతా దానికి తలకెక్కించాలా, వదిలేయాలా? పిల్లల ముందు మన ఇబ్బందులు దాచకండి అని కూడా నేను సలహా ఇస్తుంటాను. దాచకపోతే అవి సాకుల్లాగే వినిపిస్తాయని అప్పుడు తట్టలేదు.

ఈలోగా అమ్మ కిమ్ తరఫున వాదనకు దిగింది. "పోకపోవడమే మంచిది లేవే. ఆ పిల్ల పోతే వెనకాలే ఊరంతా కొండెక్కేది. వాణ్ణి బతకనిచ్చేవాళ్ళా?" నిజంగానే అలా అనుకుందో, కూతురి పరువు కాపాడుతోందో అమ్మ ముఖంలో ఏమీ తెలియలేదు.

పాప ఒప్పుకోలేదు. కిమ్ ముసలిదయ్యేసరికి తరిమినవాళ్ళలో ఎవరు మిగిలుంటారని అడిగింది. ఎవరో ఒకరు ఉంటారులే అంటుంది అమ్మ. సగం తెలుగు, సగం ఇంగ్లీషు, మిగతాది చేతులు ఊపడం. ఇద్దరికీ మధ్యలో నా అవసరమే రాలేదు.