కేక్ పాప్స్ అడిగిన పుట్టినరోజు

"అమ్మా, నా బర్త్‌డేకి సున్నుండలు వద్దు, కేక్ పాప్స్ చెయ్యవా?" అంది మా పాప. కేక్ పాప్స్ అంటే పుల్లకి గుచ్చి చాక్లెట్‌లో ముంచిన చిన్న కేక్ ఉండలు. సున్నుండలు వద్దన్నందుకు కాదు, ఆ మాట అనడానికి అది అంత మొహమాటపడినందుకు బాధేసింది.

అయినా నేను పట్టు వదల్లేదు. నువ్వులుండలైతే నేనే వద్దనేదాన్ని. 2023 జనవరి 1 నుంచి అమెరికాలో నువ్వుల్ని కూడా తొమ్మిదో ప్రధాన అలర్జీ పదార్థంగా లేబుల్ మీద చూపించాలి. సున్నుండల్లో మినుములు, బెల్లం, నెయ్యి తప్ప ఏముంది అని వాదించాను. "అలర్జీ గురించి కాదమ్మా. అదేంటో ప్రతిసారీ అందరికీ నేనే చెప్పాలి" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు.

మా అత్తయ్య గుడ్డు తినరు కాబట్టి పెరుగు, వంటసోడా వేసి కేక్ చేశాను. పూర్తిగా చల్లారాకే పొడిగా చిదపాలి. ఫ్రాస్టింగ్, అంటే కేక్ మీద పూసే తియ్యటి క్రీమ్, కొంచెం కొంచెంగానే కలపాలి. ఎక్కువైతే ఉండ బరువెక్కి పుల్ల మీంచి జారిపోతుంది. పుల్ల కొసని ముందు కరిగించిన చాక్లెట్‌లో ముంచి, సగం దాకా గుచ్చి, ఫ్రిజ్‌లో పెట్టాలి. అయితే మరీ గడ్డకట్టిన ఉండని వేడి చాక్లెట్‌లో ముంచితే పైపూత పగులుతుంది. చాక్లెట్‌లో నీటిచుక్క పడితే ముద్దకడుతుంది, అందుకే రంగు కూడా నూనెతో చేసినదే వాడాలి. పైన చల్లే రంగురంగుల చక్కెర పలుకుల (స్ప్రింకిల్స్) డబ్బా మీద 'కన్ఫెక్షనర్స్ గ్లేజ్' అని ఉంటే అది లక్క పురుగు నుంచి వచ్చేదే. అందుకని అత్తయ్యకి విడిగా కొబ్బరిపొడి అద్దాను.

ఫ్రాస్టింగ్ ఎంత చాలో చెప్పింది ఆవిడే. గుప్పిట్లో నొక్కి చూసి "ఇంక వెయ్యకు, ఉండ కడుతోంది" అన్నారు. పాప చేతిలో విరిగిపోతుంటే పక్కన కూర్చోబెట్టుకుని వేళ్ళు ఎలా తిప్పాలో చూపించారు. ఇంగ్లిష్ రాని నానమ్మా, తెలుగులో తడబడే మనవరాలూ ఆ సాయంత్రమంతా ఎంత కబుర్లాడుకున్నారో!

పిల్లలకి మన వంటలు చిన్నప్పుడే అలవాటు చెయ్యమని నా స్నేహితులకి చెబుతూ ఉంటాను. దసరాకి పులిహోర తినాల్సిందే అని పట్టుబట్టిన నేనే సంక్రాంతికి పిజ్జా తెప్పించాను. ఉండ చుట్టడం వస్తే చాలా, రుచి కూడా రావాలా? బలవంతపెడితే విసుగు పుడుతుందని భయం. వదిలేస్తే ఇంకెప్పుడూ అడగదేమోనని ఇంకా పెద్ద భయం.

దీపావళికి దాని స్నేహితులు వస్తామన్నారు. ఏం చెయ్యాలో ఈసారి దాన్నే అడుగుతాను. మళ్ళీ కేక్ పాప్సే అంటే కాదనకుండా ఉండగలనో లేదో మాత్రం చెప్పలేను.